అజ్మత్ కొట్టు, అమెరికా మేడమ్ మార్కులు

కోరుట్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళంతా ఊరివాళ్ళ దృష్టిలో దుబాయిలోనే ఉంటారు. అజ్మత్ ఉన్నది బహ్రెయిన్‌లో, మనామాలోని మహూజ్‌లో. మొదట్లో ఆ సంగతి సరిచేసి చెప్పేవాడు. తర్వాత మానుకున్నాడు. తనెక్కడున్నాడో తనకు తెలిస్తే చాలనుకున్నాడు.

మహూజ్‌లో ఫ్లాట్ల కింద, లాండ్రీ పక్కన, అతను నడిపే కొట్టు ఉండేది. పేరుకు కోల్డ్ స్టోర్, నిజానికి కిరాణా కొట్టు. కార్లలో వచ్చినవాళ్ళు దిగేవారు కాదు. బయట ఆపి హారన్ కొట్టేవారు. అజ్మత్ వెళ్ళి అద్దం దగ్గర వంగి, ఏం కావాలో కనుక్కుని తెచ్చిచ్చేవాడు. ఎండాకాలంలో అలా ఒకసారి బయటికి వెళ్ళొస్తే చొక్కా వీపుకు అతుక్కుపోయేది. అయినా విసుక్కునేవాడు కాదు. గల్ఫ్‌కు రాకముందు అతను మెట్‌పల్లిలో బట్టల షాపులో పనిచేశాడు. గుట్టలుగా చీరలు పరిపించుకుని, ఒక్కటీ నచ్చలేదని లేచిపోయేవాళ్ళను నవ్వుతూ సాగనంపడం అక్కడే నేర్చుకున్నాడు. "సామాన్ల తప్పుండదు. దాన్ని కొనే గిరాకి ఇంకా రాలే, గంతే" అనేవాడు.

ఆ మాటకు అసలైన పరీక్ష తొంభై అయిదులో వచ్చింది.

అతని కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, హాజీ మన్సూర్‌ది బుసైతీన్ ఊరు. మంచివాడే, కానీ చవకగా దొరికిందంటే ఏదైనా కొనేస్తాడు. ఆ సెప్టెంబరులో ఎక్కడో పెద్ద షాపు మూసేస్తుంటే అందులో మిగిలిన ఇంగ్లండు చిరుతిళ్ళన్నీ గంపగుత్తగా కొని, పికప్‌లో వేయించి మహూజ్ పంపాడు. అజ్మత్ అట్టపెట్టెలు విప్పి చూశాడు. రొయ్యల రుచి అని రాసిన గులాబీరంగు పాకెట్లలో ఆలూ చిప్స్. వెనిగర్‌లో ఊరేసిన ఉల్లిపాయ రుచితో మొక్కజొన్న చక్రాలు. డైజెస్టివ్ అనే మందు పేరు పెట్టుకున్న గోధుమ బిస్కెట్లు. బల్లకేసి కొడితే బల్లే సొట్టపడేలా ఉన్న అల్లం బిస్కెట్లు. నల్లటి ఈస్టు ముద్ద పూసి కాల్చిన కరకర పుల్లలు, అందమైన రేకు డబ్బాల్లో. ఒక పెట్టెలో పంది మాంసం రుచి అని రాసిన చిప్స్ కూడా కనిపించాయి. దాన్ని మాత్రం అజ్మత్ మళ్ళీ టేపు వేసి, వెనక్కి పంపమని పక్కన పెట్టేశాడు.

"ఈ వీధిలో ఇంగ్లీషువాళ్ళు ఉన్నారుగా, వాళ్ళే కొంటారు" అన్నాడు హాజీ మన్సూర్.

ఇంగ్లీషువాళ్ళు ఉన్నమాట నిజమే. వాళ్ళు వారానికోసారి పెద్ద సూపర్‌మార్కెట్‌కు వెళ్ళి సామాను తెచ్చుకునేవారు. అజ్మత్ దగ్గర ఐసూ సిగరెట్లూ పేపరూ కొనేవారు, అంతే. అరబ్బులు ఆ పాకెట్లను తిప్పి చూసి తిరిగి పెట్టేసేవారు. మనవాళ్ళు అసలు చూసేవారే కాదు. అజ్మత్ వాటిని తలుపు దగ్గర పేర్చాడు, గల్లాపెట్టె పక్కన పేర్చాడు, ఒకటి కొంటే ఒకటి ఇస్తానన్నాడు. డిసెంబరు వచ్చినా గుట్ట తరగలేదు. పైగా చాలావాటికి ఫిబ్రవరి దాకానే గడువు.

ఒకరోజు హాజీ మన్సూర్ వచ్చి గుట్టను చూసి తల ఊపాడు.

"అజ్మత్, రంజాన్ లోపల ఇది కదలకపోతే ఖలాస్. ఈ షాపులో వీడియో క్యాసెట్లు పెట్టుకుంటానని ఒకడు అడుగుతున్నాడు. అతనికిచ్చేస్తా. నిన్ను ఊరికి పంపాల్సి వస్తుంది. మనసులో పెట్టుకోకు."

"రంజాన్ లోపల అమ్ముత, అర్బాబ్" అన్నాడు అజ్మత్. ఎలా అమ్ముతాడో అతనికే తెలియదు.

ఆ వారంలోనే వీరదుర్గ వచ్చింది. రాజోలు దగ్గర పల్లె ఆమెది. వెనక వీధిలో అమెరికన్ల ఇంట్లో వంటా ఇంటిపనీ చేసేది. ఆ ఇంటాయన జుఫేర్‌లోని అమెరికన్ నేవీ బేస్‌లో పనిచేసేవాడు. వాళ్ళకు కావలసిన తిండి సామానంతా బేస్ స్టోరు నుంచే వచ్చేది కాబట్టి వీరదుర్గ అజ్మత్ కొట్టుకు కొత్తిమీరకూ పచ్చిమిరపకాయలకూ తప్ప వచ్చేది కాదు.

"భాయ్‌గారూ, మా మేడమ్‌గారు చిప్సు పట్టుకురమ్మన్నారండి. బేసులో కొట్టు మూసేసి రంగులేత్తన్నారంట" అంది.

అజ్మత్ రొయ్యల పాకెట్ అందించాడు. "గిది తీస్కపో అక్కా."

"బాగుంటాదాండి? మీరు తిన్నారా?"

"నేను తినలే. అబద్ధమెందుకు చెప్పాలె? గని పాకిటు మంచిగుంది."

వీరదుర్గ నవ్వి తీసుకెళ్ళింది. కాసేపటికి ఆ మేడమ్ తనే నడుచుకుంటూ వచ్చింది. మహూజ్‌లో తెల్లవాళ్ళు నడిచి రావడమే వింత. పొడుగు మనిషి, నల్లకళ్ళద్దాలు జుట్టుమీదికి తోసుకుంది. పేరు డార్లీన్. చించిన పాకెట్‌ను గల్లాపెట్టె ముందు పెట్టి, ఇదేమిటని అడిగింది. వాపసు ఇవ్వక తప్పదనుకుని అజ్మత్ సొరుగు లాగాడు.

"వద్దు, వద్దు. తెలుసుకుందామనే అడుగుతున్నా" అందామె. "దీంట్లో రొయ్య ఎక్కడా లేదు. టమాటో సాసు ఉంది, పంచదార ఉంది. ఈ రంగు ఏ రొయ్యదీ కాదు. కానీ చెయ్యి ఆగడంలేదు. ఆరు."

"ఆరు పాకిట్లా, మేడమ్?"

"ఆరు మార్కులు. పదికి."

అప్పుడు చెప్పింది తన సంగతి. అమెరికాలో ఒహాయో వాళ్ళది. ఏటా కోతల తర్వాత అక్కడి రైతుల సంబరంలో ఆడవాళ్ళు చేసి తెచ్చిన జాములకూ పిండివంటలకూ మార్కులు వేసే న్యాయనిర్ణేత ఆమె. భర్త ఉద్యోగం బహ్రెయిన్‌కు మారాక ఆ పని లేక చేతులు కట్టేసినట్టుందట. అజ్మత్‌కు ఆ మాట ఎంత అర్థమైందో తెలియదుగానీ ఆమె కళ్ళల్లో ఉత్సాహం మాత్రం అర్థమైంది. గుట్టలోంచి రకానికొకటి తెచ్చి గల్లాపెట్టె ముందు పేర్చి, కత్తెర చేతికిచ్చాడు.

"మీరు డబ్బులియ్యొద్దు మేడమ్. మార్కులియ్యండి."

ఆమె తినే పద్ధతి చూడవలసిందే. ముందు ఒక గుక్క నీళ్ళు తాగింది. ముక్కను వెలుగులో పెట్టి చూసింది, వాసన చూసింది, చెవి దగ్గర విరిచి చప్పుడు విన్నది. ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంది. ఉల్లిపాయ చక్రం తినగానే కళ్ళు మూసి తెరిచి, "కన్నీళ్ళు వచ్చాయి. ఎనిమిది" అంది. డైజెస్టివ్‌ను చూసి ఇది భోజనమయ్యాక వేసుకునే మందా అని అడిగింది. తిన్నాక, తమ ఊళ్ళో చీజ్ కేకు అడుగున పొడి చేసి పరిచే బిస్కెట్టుకు ఇది పెద్దక్కలా ఉందని ఏడు వేసింది. అల్లం బిస్కెట్టు కొరకబోయి దవడ పట్టుకుంది. "ఇది తిండి కాదు, ఇల్లు కట్టే సామాను. మూడు." ఆఖరున ఈస్టు పుల్ల. నోట్లో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే కాగితంలోకి తీసేసింది.

"రెండు. ఆ రెండూ డబ్బాకు."

అజ్మత్ ఖాళీ పెట్టె అట్టను ముక్కలుగా కోసి, మార్కర్‌తో ఇంగ్లీషులో 'అమెరికన్ మేడమ్ మార్కులు' అని రాసి, ఒక్కో రకం పైన ఒక్కో అంకె వేలాడదీయడం మొదలుపెట్టాడు. డార్లీన్ పెద్దగా నవ్వింది. "వేలాడదీసుకో. కానీ నా అంకె మాత్రం మార్చకూడదు" అంది. అజ్మత్ గుండెమీద చెయ్యి పెట్టుకుని మాటిచ్చాడు.

మేడమ్‌ను వెతుక్కుంటూ వచ్చిన వీరదుర్గ అట్టలు చూసి బుగ్గలు నొక్కుకుంది. "రెండు కూడా రాసేత్తారేంటండి? ఇంకెవరు కొంటారండి బాబూ!"

"రెండు రాయకుంటె ఎనిమిది ఎవ్వలు నమ్ముతరు అక్కా?"

మర్నాటి నుంచే కార్లలోంచి జనం దిగడం మొదలైంది. కొట్టులోకి ఎన్నడూ అడుగుపెట్టనివాళ్ళు వచ్చి అట్టలు చదివేవారు. బహ్రెయినీ కాలేజీ కుర్రాళ్ళు ఉల్లిపాయ చక్రాలు చేతులనిండా పట్టుకుపోయారు. ఫిలిప్పీన్స్ నర్సులు రొయ్యల చిప్స్‌కు ఆరు చాలదు, ఎనిమిది ఉండాలని అజ్మత్‌తో వాదించారు. "మీరన్నది మేడమ్‌కు చెప్త. అట్ట మాత్రం మార్చ" అనేవాడు.

అయితే అల్లం బిస్కెట్లూ ఈస్టు డబ్బాలూ అలాగే ఉండిపోయాయి. సరుకులో సగం అవే.

హార్‌గ్రీవ్స్ అనే ముసలి ఇంగ్లీషాయన రోజూ పేపరు కోసం వచ్చేవాడు. బ్యాంకులో పనిచేసి రిటైరై, మహూజ్‌ను వదల్లేక అక్కడే ఉండిపోయాడు. ఒక ఉదయం ఆయన చూపు పేపరుమీంచి రేకు డబ్బాల పైన ఉన్న 2 మీద పడింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు బట్టతల దాకా పాకింది.

"ఎవరీ మేడమ్? మేం ఇవి తిని పెరిగాం! అల్లం బిస్కెట్టుకు మూడా? టీలో ముంచకుండా తిన్నదా ఏం?"

"ఉత్తగనే తిన్నది సార్" అన్నాడు అజ్మత్.

"ఉత్తగా!" అని ఆయన ఒక ఈస్టు డబ్బా చంకన పెట్టుకుని, డబ్బులు బల్లమీద పడేసి, బోర్డుమీది ఫోన్ నంబరు చదువుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి హాజీ మన్సూర్ బుసైతీన్ నుంచి వచ్చాడు. "ఇంగ్లీషువాళ్ళ సరుకు అమ్ముతూ ఇంగ్లీషువాళ్ళనే వెక్కిరిస్తావా? అంత పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. యల్లా, ఆ రెండును ఎనిమిది చెయ్యి. మూడును కూడా. మార్కర్ గీత పెద్ద పనా?"

అజ్మత్ మార్కర్ తెచ్చి కఫీల్ ముందు పెట్టాడు. "కొట్టు మీది అర్బాబ్, మీరు రాస్తే నేను ఆపలేను. నేను మాత్రం రాయను. ఆమెకు మాటిచ్చిన. ఇంకో సంగతి. ఆ ముసలాయన కోపంలో ఏం చేసిండో తెలుసా? డబ్బా కొన్నడు. ఇన్ని నెలల్లో అమ్మిన మొదటి డబ్బా అది. ఈ గురువారం దాకా ఆగండి. అప్పటికీ కదలకుంటే టికెట్ నేనే అడుగుత."

హాజీ మన్సూర్ మార్కర్ వంకా అతని వంకా చూశాడు. మార్కర్ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

అజ్మత్ ఆ రాత్రే డార్లీన్ ఇంటికీ హార్‌గ్రీవ్స్ ఇంటికీ కబురు పంపాడు. గురువారం సాయంత్రం కొట్టు ముందు అల్లం బిస్కెట్టును ఇంగ్లీషు పద్ధతిలో తినిపిస్తారు, అమెరికన్ మేడమ్ మళ్ళీ మార్కులు వేస్తుంది. అదే సంగతి తలుపుమీద కూడా రాసి పెట్టాడు.

గురువారం వచ్చేసరికి లాండ్రీ ముందు దాకా జనం నిలబడ్డారు. శీతాకాలం, గాలి హాయిగా ఉంది. వెనక గదిలో స్టవ్‌మీద వీరదుర్గ టీ పెట్టింది. హార్‌గ్రీవ్స్ ఒక గుక్క తాగి, ఇందులో అల్లం, ఏలకులు పడ్డాయి, ఇది పనికిరాదన్నాడు.

"బిస్కెట్టులో అల్లం ఉండొచ్చు గానీ టీలో ఉండకూడదంటండి? ఇదెక్కడి న్యాయమండి?" అని గొణుక్కుంటూనే ఆమె ఆ టీని గుమిగూడినవాళ్ళకు పంచిపెట్టి, ఉత్త పాల టీ మళ్ళీ కాచింది.

హార్‌గ్రీవ్స్ బిస్కెట్టును టీలో ముంచి, పెదవులతో ఏదో లెక్కపెట్టుకుని, తీసి తిని చూపించాడు. డార్లీన్ కూడా ముంచింది. ఎక్కువసేపు ఉంచేసరికి సగం విరిగి కప్పులో పడింది. జనం ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వి, ఇంకోటి తీసుకుంది. ఈసారి సరిగ్గా పైకి వచ్చింది. కళ్ళు మూసుకుని నమిలింది.

"తొమ్మిది" అంది.

హార్‌గ్రీవ్స్ టోపీ తీసి వంగాడు. అజ్మత్ అందరి ముందూ 3 ఉన్న అట్ట దించి, 9 రాసి కట్టాడు. ఇక పెద్దాయనకు ధైర్యం వచ్చింది. ఈస్టు పుల్లను మెత్తటి చీజ్‌లో ముంచి, పెళ్ళివిందులో కొసరి వడ్డించినట్టు ఆమెకు అందించాడు. డార్లీన్ ఈసారి కాగితంలోకి తీయలేదు. పూర్తిగా నమిలింది, మింగింది, నీళ్ళు తాగింది.

"రెండు."

"కనీసం మూడు?" అన్నాడాయన. గొంతు దాదాపు బతిమాలినట్టుంది.

"మిస్టర్ హార్‌గ్రీవ్స్, మీరంటే నాకు చాలా గౌరవం. రెండు."

ముసలాయన ఆమెను తేరిపార చూశాడు. తర్వాత భుజాలు ఎగిరెగిరిపడేలా నవ్వాడు. "ఈవిడ తొమ్మిది వేసిందంటే అది తొమ్మిదే" అని పక్కనున్నవాళ్ళకు చెప్పాడు. ఆ ఒక్క మాటతో అల్లం బిస్కెట్లు పెట్టెలకు పెట్టెలు లేచిపోయాయి. ఇక ఈస్టు డబ్బాల సంగతి. ఇంగ్లీషువాళ్ళు పౌరుషం కొద్దీ కొన్నారు. అరబ్బులూ మనవాళ్ళూ అంత చెడ్డగా ఉండేదేమిటో చూద్దామని కొన్నారు. జనంలో వెనక నిలబడి అల్లం టీ తాగుతున్న హాజీ మన్సూర్ కూడా ఒక డబ్బా విప్పించుకుని తిని, మొహం వంకరగా పెట్టి, "రెండు కూడా ఎక్కువే" అన్నాడు.

రంజాన్ నెలవంక కనిపించేసరికి కొట్టులో ఆ సరుకు మిగల్లేదు. వీడియో క్యాసెట్లవాడికి షాపు లేదని హాజీ మన్సూర్ తనే ఫోన్ చేసి చెప్పాడు.

పండగ అయ్యాక కోరుట్ల నుంచి వచ్చిన ఒకతను అజ్మత్‌కు భార్య రఫత్ పంపిన డబ్బా తెచ్చిచ్చాడు. అందులో ఉన్నవి ఖజూర్లు. ఖర్జూరాలు కావు. మైదా, రవ్వ, చక్కెర నేతితో కలిపి, బిళ్ళలుగా కోసి వేయించే పిండివంట. వాళ్ళ ఇళ్ళల్లో ఆ పేరుతోనే పిలుస్తారు. అజ్మత్ గర్వంగా డార్లీన్ ముందు పెట్టాడు. ఆమె నీళ్ళు తాగింది, వెలుగులో చూసింది, వాసన చూసింది, విరిచింది, తిన్నది.

"నెయ్యి పాతవాసన వచ్చింది. లోపల గట్టిపడింది. అయిదు."

అజ్మత్ మొహంలో నవ్వు ఆరిపోయింది. వీరదుర్గ చూసి, "ఆ ముసలి దొరగారికి ఎందుకంత కోపమొచ్చిందో ఇప్పుడు తెలిసిందాండి? పోనీలెండి భాయ్‌గారూ, ఇది అమ్మేది కాదుగా, అట్ట కట్టక్కర్లేదు" అంది.

అయినా అజ్మత్ కత్తెర తీసి అట్ట కోశాడు. 5 రాసి డబ్బాకు అంటించాడు. అది రాసేటప్పుడు చెయ్యి బరువెక్కిందని తర్వాత చాలామందితో చెప్పుకున్నాడు.

శుక్రవారం ఫోన్లో రఫత్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రఫత్ ఇంట్లో ఉర్దూ మాట్లాడుతుంది. కోపం వస్తే తెలుగులోకి దిగుతుంది.

"నెల దినాలు డబ్బల వడి వచ్చినదానికి మార్కులేస్తదా ఆమె? కడాయిల నుంచి తీసి చేతిల వెడ్త, అప్పుడు ఎయ్యమను! నన్ను ఆడికి పిలిపియ్యి!"

ఆమె కోపంలో అన్న మాటను అజ్మత్ వదల్లేదు. తెల్లారి హాజీ మన్సూర్ దగ్గరికి వెళ్ళి, తన భార్యకు వీసా కావాలని నేరుగా అడిగాడు. కొట్టు నిలబడింది తన వల్లేనని అతనికి తెలుసు. ఆ సంగతి కఫీల్‌కూ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని పైకి అనలేదు. కాగితాలకు కాలం పట్టింది. తొంభై ఏడు చలికాలంలో రఫత్ బహ్రెయిన్‌లో దిగింది. జిదాఫ్స్ మార్కెట్ వెనక చిన్న ఫ్లాటు తీసుకున్నారు.

సామాను సర్దుకోకముందే రఫత్ డార్లీన్‌ను పిలిపించింది. వీరదుర్గ కూడా వచ్చింది. వంటగదిలో స్టూలు వేసి మేడమ్‌ను కూర్చోబెట్టి, కడాయిలోంచి తీసిన ఖజూర్‌ను చల్లారనివ్వకుండా పళ్ళెంలో పెట్టింది. డార్లీన్ నీళ్ళ గ్లాసు కోసం చూసింది.

"నీళ్ళు తర్వాత. ముందు తిను అని చెప్పక్కా" అంది రఫత్ వీరదుర్గతో.

డార్లీన్ విరవలేదు, వాసన చూడలేదు, తిన్నది. ఇంకోటి తీసుకుంది. మూడోది చేతిలో పట్టుకుని, "ఎనిమిది" అంది.

వీరదుర్గ చెప్పగానే రఫత్ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "కడమ రెండు ఎటు వోయినయి?"

చక్కెర కొంచెం ఎక్కువైందని డార్లీన్ చెప్పింది.

"చక్కెర తగ్గియ్య. మా ఇంట్ల గింతే తింటం" అంది రఫత్. వీరదుర్గ ఆ మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పిందోగానీ డార్లీన్ తలవంచి, ఖాళీ పళ్ళెం మళ్ళీ ముందుకు చాచింది.

డార్లీన్ భర్తకు మరుసటి ఏడాది బదిలీ అయింది. ఆమె వెళ్ళాక వీరదుర్గ ఇంకో ఇంట్లో పనికి కుదిరింది. సెలవురోజు మాత్రం రఫత్ దగ్గరికే వచ్చేది. ఇద్దరూ కలిసి ఒక కడాయిలో ఖజూర్లు, ఇంకో కడాయిలో చేగోడీలు వేయించేవారు. వాళ్ళు చేసినవి అమ్మడానికి హాజీ మన్సూర్ జిదాఫ్స్‌లో ఆ ఫ్లాటు కిందే ఇంకో కొట్టు తెరిచి, దాన్ని అజ్మత్‌కు వాటా మీద అప్పగించాడు. సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి దాని ముందు నల్ల అబాయాల్లో బహ్రెయినీ ఆడవాళ్ళూ, లేబర్ క్యాంపుల నుంచి డ్యూటీ దిగి వచ్చిన మనవాళ్ళూ నిలబడి ఉండేవారు. ఖజూర్ అంటే ఏ చెట్టుదని అడిగే అరబ్బులకు అజ్మత్ ఒక బిళ్ళ చేతిలో పెట్టి, "ముందు తిని చూడండి" అనేవాడు. రఫత్ పైనుంచి ఇంకో పళ్ళెం పంపేది.